రికార్డు చేయడమైనది

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో తాళ్ళమెట్ట మునిసిపల్ కౌన్సిలు బడ్జెట్టు సమావేశానికి రెబ్కా తన పెళ్ళినాటి మంగళగిరి చీర కట్టుకుని వెళ్ళింది. కౌన్సిలరై ఏడాది కావస్తున్నా ఆ హాల్లో ఆమె నోరు తెరిచింది హాజరు పలకడానికి మాత్రమే. ఆమె వార్డును ఆడవాళ్ళకు కేటాయించారు. బేతేలుపేటలో ఎనిమిదో తరగతి దాకా చదివిన ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకని పేటంతా ఒక్క మాట మీద నిలబడి ఆమెను గెలిపించింది. గెలిచిన మర్నాడు మెళ్ళో వేసిన పూలదండను చూరుకు తగిలించి, ఎప్పటిలాగే మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. కౌన్సిలరుకు దండ వేస్తారు గాని కూలి ఇవ్వరుగా మరి.

ఆ రోజు ఆమె గుండెలో దడంతా ఒక్క అర్జీ గురించే. బేతేలుపేటకు మంచినీళ్ళ కొళాయి వేయించమని పేటవాళ్ళంతా వేలిముద్రలు వేసి ఇచ్చిన అర్జీ అది.

పేటలో బావులు లేక కాదు. ఉన్న బావుల్లో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు, తాగినకొద్దీ దాహం పెరుగుతుందే తప్ప తీరదు. మునిసిపాలిటీ గొట్టం ఊరంతా వయ్యారంగా తిరిగొచ్చి రైలుగేటు దగ్గర ఆగిపోయింది. గేటు దాటితే బేతేలుపేట. ఇంటిపన్ను వసూలుకు వచ్చేవాడు మాత్రం ఆ గేటు దాటడానికి ఏనాడూ వెనకాడలేదు.

మరి పేట ఇన్నాళ్ళూ ఏం తాగి బతికిందంటే, పేరయ్య బోరు నీళ్ళు. పేట వెనకనే పేరయ్య మిరపచేను. ఆ చేలో బోరు వేస్తే ఆయన అదృష్టం కొద్దీ తియ్యటి నీళ్ళు పడ్డాయి. పొద్దున్నే మోటారు వేసినప్పుడు పేట ఆడవాళ్ళు పైపు కింద బిందెలు పెట్టుకోవచ్చు. అందుకు బదులుగా కాయ పండినప్పుడు అందరికంటే ముందు పేరయ్య చేనే కోయాలి, ఊళ్ళో కూలి ఎంత పలికినా అక్కడ రూపాయి తక్కువకు కోయాలి. ఈ ఒప్పందానికి కాగితం లేదు, సాక్షులు లేరు. ఏళ్ళ తరబడి అలా జరిగిపోతోంది. పేరయ్యను చెడ్డవాడని పేటలో ఎవరూ అనరు. మంచివాడని కూడా అనరు. ఆయన దగ్గర నీళ్ళున్నాయి, వీళ్ళ దగ్గర లేవు.

సమావేశంలో మొదట బడ్జెట్టు చదివారు. మునిసిపల్ మేనేజరు చదువుతుంటే కౌన్సిలర్లలో సగం మంది కునికిపాట్లు పడ్డారు, మిగతా సగం కారప్పూస తింటూ కూర్చున్నారు. రెబ్కా మాత్రం చెవులు రిక్కించుకుని వింది. ఆ చదివినదాంట్లో ఆమెకు పూర్తిగా అర్థమైన మాట ఒక్కటే, నిల్వ. ఖర్చులన్నీ పోను కొంత డబ్బు నిల్వ ఉంచినట్టు మేనేజరు చదివాడు. ఇంట్లో నిల్వ అంటే కుండలో బియ్యమూ జాడీలో పచ్చడీ. అవసరమైనప్పుడు మూత తీసి వాడుకోవడానికే గదా ఎవరైనా వాటిని ఉంచుకునేది. మునిసిపాలిటీకి కూడా అలాంటిదొకటి ఉందని తెలిసి ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

ఆ తరవాత వార్డుల నుంచి వచ్చిన అర్జీలు మొదలయ్యాయి. మేనేజరు ఊపిరి తీసుకోకుండా చదువుతాడు, చైర్మన్ గారు తల ఊపీ ఊపకముందే తీర్మానం రాసేస్తాడు. కమిషనరు గారి జీపు మరమ్మతు, ఆమోదించడమైనది. మార్కెట్టు వీధిలో లైట్లు, వాయిదా వేయడమైనది. బస్టాండు దగ్గర తోపుడు బళ్ళవాళ్ళ అర్జీ, తిరస్కరించడమైనది. పాపం బళ్ళవాళ్ళు అనుకుంది రెబ్కా. అంతలోనే బేతేలుపేట పేరు వినబడింది. ఆమె చీర కొంగును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

"బేతేలుపేట నివాసులు మంచినీటి కొళాయి కోరుతూ పెట్టుకున్న అర్జీ, రికార్డు చేయడమైనది" అని చదివి మేనేజరు మరో కాగితం తీశాడు.

రెబ్కా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరస్కరించలేదు, వాయిదా వేయలేదు, రికార్డు చేశారు. జీపుకు దొరికింది ఆమోదమే. ఆమోదమంటే ఒప్పుకోవడం, ఇవాళ ఒప్పుకున్నవాళ్ళు రేపు కాదనొచ్చు. రికార్డులోకి ఎక్కినదాన్ని ఎవరు కాదంటారు? చైర్మన్ గారికి లేచి దణ్ణం పెడదామనుకుంది గాని, ఎవరూ అలా పెట్టడం కనబడక ఊరుకుంది.

ఇందులో ఆమె తెలివితక్కువతనం ఏమీ లేదు. బేతేలుపేటలో రికార్డన్న మాటకు ఉన్న బరువు అలాంటిది. చర్చిలో బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ రాసే పెద్ద పుస్తకాన్ని వాళ్ళు రికార్డంటారు. మొగుడూ పెళ్ళాం ఎంత కొట్టుకున్నా, రికార్డయిన పెళ్ళి గదా అని పెద్దలు సర్దిచెబుతారు. పూర్వం ఒక పాస్టరు గారు పరాకున మార్తమ్మ పేరును మారుతమ్మ అని రాశారు. ఆవిడ లబోదిబోమని మొత్తుకుంటే, రికార్డయిపోయిందమ్మా, ఇంక నా చేతుల్లో లేదన్నారట. ఆవిడ చచ్చేదాకా మారుతమ్మే, సమాధి మీద కూడా మారుతమ్మే. అలాంటి పేటలో పుట్టి పెరిగిన మనిషికి రికార్డు చేశామని చెబితే ఏమనుకుంటుంది?

గేటు దాటుతూనే ఆమె ఎదురుపడ్డ వాళ్ళందరికీ చెప్పేసింది. కొళాయి మాట రికార్డయిందన్న కబురు ఆమెకంటే ముందే పేటంతా పాకింది. అంకమ్మ పరుగున వచ్చి రెబ్కా రెండు బుగ్గలూ పుణికి మెటికలు విరిచింది. అంకమ్మ రెబ్కాకు మేనత్త వరస. భర్త పోయాక కూలి చేసి కొడుకును పెంచిన మనిషి. పేట ఆడవాళ్ళను పనికి పిలిచేదీ, వాళ్ళ తరఫున కూలి మాట్లాడేదీ ఆవిడే. రెబ్కాను కౌన్సిలరుగా నిలబెట్టమని మొదట అన్నది కూడా ఆవిడే. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. ఇంటికి ఇన్ని బియ్యం పోగుచేసి పరమాన్నం వండారు. కొళాయి ఎక్కడ పెట్టాలన్న దాని మీద అప్పుడే చిన్న తగాదా కూడా అయింది. అంకమ్మ కోడలు కొండమ్మ నిండు నెలల మనిషి. తన గుమ్మం ముందే పెట్టాలని ఆమె పట్టుబట్టింది. అందరూ నవ్వారు. తను చూసినంతలో పేట అంతగా నవ్విన రోజు మరొకటి రెబ్కాకు గుర్తు లేదు.

ఆ నవ్వుతోనే అసలు చిక్కు వచ్చిపడింది. అదే వారంలో పేరయ్య చేను రెండో కోతకు వచ్చింది. కబురు రాగానే అంకమ్మ పదిమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆయన కల్లం దగ్గరికి వెళ్ళి, ఈసారి ఊరి కూలే ఇవ్వాలని అడిగింది. మాకు కొళాయి వస్తందండి, ఇంక మీ పైపు కింద బిందె పెట్టే పని లేదని చెప్పింది. పెడసరంగా ఏమీ అనలేదు. ఇన్నేళ్ళు తగ్గించుకున్న రూపాయిని మర్యాదగానే అడిగింది. కొళాయి ఇస్తామని ఎవరన్నారని పేరయ్య అడిగితే, మా కౌన్సిలరమ్మే చెప్పింది, రికార్డు కూడా అయిందంది. పేరయ్య కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, అయితే మంచిదేలే, ఆ కొళాయి దగ్గరే పట్టుకోండి అన్నాడు.

మర్నాడు పొద్దున బిందెలు తీసుకుని వెళ్ళినవాళ్ళకు గట్టు పొడవునా ముళ్ళకంప కనిపించింది. పైపును లోపలి వైపుకు తిప్పేశాడు. మోటారు తిరుగుతోంది, నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. ఆ ఏడు తెల్లదోమ కొట్టి పేరయ్య పత్తి మొత్తం పోయింది. మిరప మీదే ఆయన అప్పులన్నీ తీరాలి. రూపాయి రూపాయీ చూసుకునే స్థితిలో ఉన్నవాడు ఇంతకంటే ఏం చేస్తాడులే అని రెబ్కా భర్త ప్రేమదాసు అన్నాడు. పత్తి లేక జిన్నింగు మిల్లు మూతపడి, అతను కూడా మంచం మీదే కూర్చుని ఉన్నాడు. పత్తి పోవడంతో చుట్టుపక్కల ఊళ్ళ కూలీలంతా పని కోసం తిరుగుతున్నారు. పేరయ్యకు మనుషుల కరువు లేదు.

పేట ఆడవాళ్ళు రైలుగేటు అవతలి కొళాయికి నడిచారు. అక్కడ ఊరివాళ్ళ బిందెలు ముందు, వీళ్ళ బిందెలు చివర. నీళ్ళు వదిలేది కాసేపే. వంతు వచ్చేసరికి ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయేది. ముసలివాళ్ళు బావి ఉప్పునీళ్ళే తాగి కడుపు పట్టుకుని కూర్చున్నారు. కొండమ్మ అంత పొట్టతో బిందె ఎత్తుకుని పట్టాలు దాటుతుంటే చూడలేక రెబ్కా తనే ఎత్తుకుంది. అయినా ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు ఓర్చుకుంటే మన కొళాయి మనకొస్తుంది గదా అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు.

గొట్టాలు ఎప్పుడు దింపుతారో కనుక్కుందామని రెబ్కా మళ్ళీ ఆ మంగళగిరి చీరే కట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది. దారిలో ఖాదర్ వలి కనిపించాడు. ఆయన పక్క వార్డు కౌన్సిలరు. ఇది రెండోసారి గెలవడం. మునిసిపల్ ఆఫీసు ఎదురుగానే సైకిల్ షాపు ఉంది. నోటిదురుసు మనిషే గాని రెబ్కాను చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆమె గొట్టాల సంగతి అడిగేసరికి, పంక్చరు వేస్తున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"రికార్డు చేశారు గదన్నా" అంది రెబ్కా.

ఖాదర్ వలి చేతులు గుడ్డకు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, రికార్డు చేశారంటే చదివాం, విన్నాం, పక్కన పెట్టాం అని. కాదన్నారనుకో, ఎందుకు కాదని మనం అడగొచ్చు. వాయిదా అన్నారనుకో, మళ్ళీ వస్తది. రికార్డయిందంటే ఇంక దాని ఊసు రాదు. మా మసీదు సందులో కలవర్టు అర్జీ నేను మొదటిసారి గెలిచినప్పుడు రికార్డు చేశారు. ఇప్పటికీ వానొస్తే మోకాటిలోతు నీళ్ళే."

చర్చిలో పాడిన పాటలు, పరమాన్నం, కొండమ్మ గుమ్మం, ముళ్ళకంప, ఒక్కొక్కటే రెబ్కా కళ్ళ ముందు తిరిగాయి. తను తెచ్చిన ఆ ఒక్క మాట పట్టుకుని ఆడవాళ్ళు పేరయ్య నీళ్ళు వదులుకున్నారు. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా ఉడికిపోయింది. మరి ఆ రోజే చెప్పలేకపోయావా అన్నా అని అడగబోయింది. అడిగి లాభమేమిటి? ఆయన ఏళ్ళ తరబడి ఆ మాట వింటున్నాడు. కొత్తగా విన్న మనిషికి అది ఇంకోలా వినబడుతుందని ఆయనకు మాత్రం ఎలా తోస్తుంది? టీ అలాగే వదిలేసి లేచి నిలబడింది. కమిషనరు గారిని కలువు, మనిషి మంచివాడే అని ఖాదర్ వలి వెనక నుంచి అన్నాడు.

కమిషనరు గారు నిజంగా మంచివాడే కావడం ఆ రోజు రెబ్కాకు పట్టిన దురదృష్టం. గుమ్మం ముందు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టినందుకు లోపలికి పిలుస్తూనే మన్నించమని అడిగాడు. కుర్చీ చూపించాడు. ఆమె చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఆమె దారంతా కూడబలుక్కుని వచ్చిన మాటలు చెప్పింది. రికార్డు అంటే ఏమిటో తనకు తెలియదని, తెలియక పేటవాళ్ళకు చెప్పానని, దాంతో ఉన్న నీళ్ళు కూడా పోయాయని ఒప్పుకుంది. చివర్లో తన దగ్గరున్న ఒకే ఒక్క బలం తీసి బల్ల మీద పెట్టింది.

"నిల్వ ఉందని చదివారు గదండీ. అందులోంచి మాకు గొట్టం వేయించండి."

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. ఆ నిల్వ ఎందుకుందో ఓపికగా చెప్పాడు. పత్తి పోయిన ఏడు ఊళ్ళో ఎవరూ ఇంటిపన్ను సరిగా కట్టరు. పైనుంచి రావలసిన గ్రాంటు ఎప్పుడొస్తుందో పైవాళ్ళకే తెలియదు. రాబడి ఆగిపోయిన నెలల్లో జీతాలిచ్చేది ఆ నిల్వలోంచే. నిల్వ ఇంతకంటే తగ్గకూడదని పైనుంచి ఉత్తర్వు కూడా ఉంది. పోయిన వేసవిలో అది లేకపోయేసరికి ఏమైందో మీకు నేను చెప్పాలా అన్నాడు.

రెబ్కాకు ఆయన చెప్పక్కర్లేదు. ఆమె తమ్ముడు జోసఫ్ మునిసిపాలిటీలోనే వీధులు ఊడుస్తాడు. పోయిన వేసవిలో జీతాలు ఆగిపోయినప్పుడు జోసఫ్ సైకిలు అమ్ముకున్నాడు. వాడి పెళ్ళాం బిడ్డలు వేసవంతా రెబ్కా ఇంట్లోనే గంజి తాగారు. ఊడ్చేవాళ్ళలో సగం మంది బేతేలుపేట నుంచి వచ్చినవాళ్ళే.

"ఆ డబ్బు గొట్టాలకు పెడితే ఈ వేసవిలో మళ్ళీ అంతే అవుతుంది. ఎవరి నోటి దగ్గర తీసి ఎవరి నోట్లో పెట్టమంటారో మీరే చెప్పండమ్మా, అలాగే చేస్తాను" అన్నాడు కమిషనరు.

వెటకారం కాదది, నిజంగానే అడిగాడు. కసురుకుంటే తిరగబడదామని వచ్చిన రెబ్కా, కసిరేవాడు లేక చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆయన వెనక బీరువాలో ఎర్రగుడ్డల్లో కట్టిన మూటలున్నాయి. అవన్నీ అర్జీలేనని, వాటిలో ఒక్కటి కూడా అన్యాయమైంది లేదని ఆయన అన్నాడు. వచ్చే బడ్జెట్టుకు మళ్ళీ పెట్టుకోమన్నాడు. ఈలోగా ఆ నిల్వ తీసే దారే లేదా అని ఆమె అడిగింది.

"ఉపద్రవం ఏదైనా వస్తే తీయొచ్చు. కలరా లాంటిది. డాక్టరు గారు రాసివ్వాలి" అని, అలా చెప్పవలసి వచ్చినందుకు తనే ఇబ్బందిపడి, ఆయన ఫైలు తెరిచాడు.

తిరిగి వచ్చేటప్పటికి రైలుగేటు వేసి ఉంది. గూడ్సు బండి పోయేదాకా ఎండలో నిలబడింది. పేటలో ఎవరి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి, ఎవరికి తగ్గిపోయాయి అని మనసు దాని పాటికది ఏరుకుంటూ పోతోంది. కాసేపటికి తను ఏం చేస్తున్నదో తనకే తెలిసొచ్చింది. తగ్గిపోయిన పిల్లల్ని తలుచుకుని ఒక్క క్షణం నిరాశపడ్డ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ప్రభువా, నన్నెందుకు కౌన్సిలరును చేశావు అని మాత్రం గొణుక్కుంది.

గేటు లేచేసరికి ఏం చేయాలో నిశ్చయించుకుంది. ముందు పేట ఆడవాళ్ళందరినీ పిలిచి ఉన్న సంగతి చెప్పేయాలి. వాళ్ళు తిట్టినా పడాలి. తరవాత తనొక్కతే పేరయ్య దగ్గరికి వెళ్ళి, తప్పంతా నాది, పాత ఒప్పందం మీదే పైపు ఇవ్వమని కాళ్ళావేళ్ళా పడాలి. ఆ మాటలు మనసులో అనుకుంటూ పేటలోకి అడుగుపెట్టింది.

పేట ఖాళీగా ఉంది. ఇంటి గడపలో నిండు బిందె పెట్టి ఉంది, మీద పళ్ళెం మూత. చేత్తో ముంచి నోట్లో పోసుకుంది. తియ్యటి నీళ్ళు. అర్థం కాక ప్రేమదాసు వైపు చూసింది.

అంకమ్మత్త పెట్టిపోయిందని అతను చెప్పాడు. పొద్దున రెబ్కా ఆఫీసుకు వెళ్ళగానే అంకమ్మ పేరయ్యతో మాట్లాడి వచ్చి అందరినీ చేలోకి తీసుకుపోయిందట. ఆయన ముళ్ళకంప తీయించాడు. ఇప్పుడు కూలి రూపాయి కాదు, రెండు రూపాయలు తక్కువ. అదీగాక ఈ ఏడంతా కల్లంలో కాయ ఎండబెట్టి తిరగబోసే పని కూలి లేకుండా చెయ్యాలి. నువ్వు కౌన్సిలరువి, పోయి ఆయన ముందు నిలబడితే పేటకు చిన్నతనమని, నీకు చెప్పకుండా వెళ్ళారని అన్నాడు. కొళాయికి ఏడాది పట్టినా పట్టొచ్చు, దాన్ని తేవడం రెబ్కా పని, వచ్చేదాకా ఓర్చుకోవడం మన పని అని అంకమ్మ అందరికీ చెప్పిందట.

రెబ్కా మంగళగిరి చీర విప్పి పాత చీర కట్టుకుంది. తల మీద గుడ్డ చుట్టుకుని చేలోకి నడిచింది.

చేనంతా ఎర్రగా పండి ఉంది. ఘాటుకు ముక్కులు మండుతున్నా ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు, మధ్య మధ్య తుమ్ముతున్నారు. మనిషికో సాలు పట్టుకుని వంగి కోస్తున్నారు. రెబ్కాను చూసి, ఇదేందమ్మా నువ్వెందుకొచ్చావు, ఆఫీసులో పనయిందా అని పలకరించారు. పేరయ్య గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. అంకమ్మ అందరికీ దూరంగా చివరి సాలులో ఉంది. రెబ్కా వెళ్ళి పక్క సాలులో వంగింది.

"అత్తా, నీకో మాట చెప్పాలి. ఆ రికార్డంటే…" అని ఆగిపోయింది.

"తెలుసులేవే" అంది అంకమ్మ. ఆవిడ చేతులు కోయడం ఆపలేదు. "పొద్దున పేరయ్య చెప్పాడు. చేలోకి బండిదారి వెయ్యమని ఆయన కూడా ఎప్పుడో అర్జీ పెట్టాడంట. అదీ రికార్డయిందంట. చెప్పి నవ్వాడు."

రెబ్కాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పారిపోవడానికి అటు పేట, ఇటు చేను, అంతకుమించి ఆమెకు వేరే చోటు లేదు. తిట్టవే అత్తా అందామనుకుంది. ఆ తిట్లు పడితే తన గుండె బరువు కాస్త దిగుతుందేమోనన్న ఆశ. అంకమ్మ మొహంలో తిట్టే ఊసే లేదు. ఎండకు కందిన మొహం, కారానికి ఎర్రబడ్డ కళ్ళు, అంతే.

"మరి వీళ్ళకు చెప్పావా?" అని అడిగింది రెబ్కా.

"చెప్పలా. నువ్వూ చెప్పమాక." అంకమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్కసారి నిటారుగా నిలబడి, సాళ్ళ వెంట వంగి ఉన్న వీపుల వైపు చూసింది. "ఈ ఒక్క ఏడే గదా అనుకుని ఒంగారు. ఇంక ఎప్పుడూ ఇంతేనని తెలిస్తే, ఈ ఎండలో నడుం ఎట్టా ఒంగుద్దే?"

అని మళ్ళీ వంగి కోసుకుంటూ ముందుకు పోయింది. రెబ్కా అక్కడే నిలబడింది. ఆఫీసులో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది, ఇప్పుడు ఈవిడ అడిగినదానికీ చెప్పలేకపోయింది. ఇద్దరిలో ఒక్కరైనా తప్పు మాట్లాడి ఉంటే బాగుండుననిపించింది. వేళ్ళ సందుల్లో అప్పుడే మంట మొదలైంది.

నాలుగు సాళ్ళ అవతల కొండమ్మ కోస్తోంది. నిండు పొట్టతో వంగలేక, మట్టిలో చతికిలబడి, కూర్చున్నచోట నుంచి అందినంతవరకు కోసి ముందుకు జరుగుతోంది. రెబ్కాను చూసి మొహమంతా నవ్వు చేసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచింది.

"అక్కా, కొళాయి మా గుమ్మం ముందరే వెయ్యమను. బిడ్డ పుట్టాక నేను దూరం పోలేను. అది కూడా రికార్డులో రాయించు."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. అంకమ్మ తల ఎత్తలేదు.

"రాయిస్తాలేవే" అంది రెబ్కా. అని, వంగి కాయ కోసింది.